నగరమధ్యమందలి నదికి వనము

2025వ సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున హైదరాబాదు నగరమున మూసీనది పొంగి ఇమ్లీబన్ బస్సుస్టేషనులో ప్రవేశించిన సంగతి చదువరు లెల్లరు నెఱిగినదే. నగరమునకు ఎగువనున్న రెండు జలాశయముల తలుపులు తెఱవబడగా రాత్రికి రాత్రి నీరు బస్సులు నిలుచు చోటికి వచ్చెను. ప్రయాణికులను వెలుపలికి చేర్చుటకే మిక్కిలి శ్రమపడవలసివచ్చెను. అవి దసరా సెలవుల దినములు. సెలవులు ముగిసి బడి తెఱచిన నాడు నదిగట్టున కాపురముండు బాలురు కొందఱు పుస్తకములు లేక వచ్చిరి. తరువాత వారిలో నొకని తండ్రి మాయొద్దకు వచ్చి, కుఱ్ఱవానికి పుస్తకములు మఱల నిప్పింపుమని కోరి, పోవుచు పోవుచు గుమ్మమున నిలిచి ఇట్లడిగెను: "సారూ, ఏటి పక్కపొంటి పెద్ద తోట వేస్తరంట గదా. తోట మంచిదే. మరి మేమెటు పోవాలె?"

ఆ ప్రశ్నకు మేమప్పుడు తగిన యుత్తర మియ్యలేకపోతిమి. నాటినుండి ఈ నదీవనమను విషయమును గూర్చి చదువుచు, తెలిసినవారి నడుగుచు, సెలవుదినములందు పై తరగతుల విద్యార్థులతో గట్టువెంట నడచుచు వచ్చితిమి. మేము ఇంజనీర్లము కాము. అయినను పాఠము చెప్పువాడు మొదట తాను నేర్చుకొనవలయును గదా! అట్లు నేర్చుకొన్నదానిని మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇందు తెలియజేయుచున్నాము.

నదీవనమనగా నదియొడ్డున పూలమొక్కలు నాటి బల్లలు వేయుట యని పలువురి తలంపు. అది నదికి ప్రక్కనున్న తోట మాత్రమే. నదీవనమున ముఖ్యమైనది నది. నీరు, ఒడ్డు, ఒడ్డుననున్న చెట్టుచేమలు, పక్షులు, చేపలు, పూర్వులు కట్టిన వంతెనలు, మెట్లు, ఇప్పుడు బ్రదుకుచున్న మనుష్యులు, ఇవన్నియు కలిసినదే నదీవనము. వీనిలో నేదియైన ఒకటి విడిచిన యెడల తక్కినవి నిలువవు.

మూసీనది వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. దీని నిడివి ఇంచుమించు 240 కిలోమీటర్లు. ముచుకుంద యని దీనికి పూర్వనామము. నగరమున కెగువ ఈసీ యను ఉపనది దీనితో కలియును. ఆ సంగమస్థలమునందే 1948లో గాంధీమహాత్ముని అస్థికలు నిమజ్జనము చేయబడుటచే దానిని బాపూఘాట్ అందురు. నగరము 1591లో దక్షిణపుటొడ్డున కట్టబడినది. కాని అంతకు ముందే, అనగా 1578లో, గోలకొండనుండి ఆవలియొడ్డునకు పోవుటకు ఇబ్రహీం కులీకుతుబ్‌షా రాతివంతెన కట్టించెను. అదియే పురానాపూల్. పదునేడవ శతాబ్దమున నీ దేశమునకు వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు దీనిని పారిసు నగరపు వంతెనతో పోల్చి మెచ్చుకొనెను. అనగా ఇచ్చట నగరముకంటె వంతెన పెద్దది, వంతెనకంటె నది పెద్దది. ఈ వరుస మరచిపోవుటచేతనే తరువాతి చిక్కులన్నియు వచ్చినవని మా యభిప్రాయము.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరద మాట ముసలివారి నోట నేటికిని వినబడుచున్నది. నదికి నీరు చేర్చు ప్రదేశమున ఆ కాలమున 788 చెఱువు లుండెను. కుండపోతగా వాన కురియుటచే వానిలో 221 తెగినవి. ఒక చెఱువు తెగిన నీరు దిగువ చెఱువును తెంచును. అది తన దిగువదానిని తెంచును. ఇట్లు గొలుసుకట్టుగా వచ్చిన నీరంతయు తెల్లవారు వేళకు నగరముపై బడెను. పదునైదు వేలమంది మరణించిరని చెప్పుదురు. తక్కిన వంతెనలు భగ్నమైనను పురానాపూల్ నిలిచెను. అఫ్జల్‌గంజి దవాఖానా యావరణమున నున్న చింతచెట్టు నెక్కి నూటయేబదిమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి యావరణములో నున్నది. ఇమ్లీబన్ అను మాటకు చింతతోపు అని యర్థము. నీటిచే నిండిన బస్సుస్టేషనుకు పేరిచ్చిన తోపును, మనుష్యులను కాపాడిన చెట్టును ఒక్క నదియొడ్డువే యని చెప్పినప్పుడు మా విద్యార్థులు కొంతసేపు మాటలాడక నిలిచిరి.

మరుసటి సంవత్సరము, అనగా 1909లో, నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరదను నగరములో నాపుట సాధ్యముకాదు, ఎగువనే యాపవలయునని వారు నిర్ణయించిరి. ఆ యోచన ననుసరించి మూసీమీద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అంతటితో నాగక, నగరములోని గట్టుల నెత్తుచేసి, వానివెంట బాటలును ఉద్యానములును ఉండవలెనని కూడ వారు సూచించిరి. 1912లో నేర్పడిన నగరాభివృద్ధి సంఘమువారు కొంత పని చేసిరి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల, పెద్ద గ్రంథాలయము మొదలగునవి నదికి అటునిటు లేచినవి. ఆ కాలపు చిత్రములలో ఆ మేడల నీడలు నీటిలో గానవచ్చును. కావున నదీవనమనునది మనకు విదేశములనుండి నేడు వచ్చిన క్రొత్తమాట కాదు. నూఱేండ్లకు పూర్వమే ఈ నగరమున దానికి పునాది పడినది.

మఱి అది ఏల చెడెను? ఇందొక విచిత్రమున్నది. నగరమును కాపాడిన ఆ జలాశయములే నదికి ఎండకాలపు నీటిని తగ్గించినవి. పైనీరు జలాశయములలో నిలిచి త్రాగునీరై గొట్టముల ద్వారా ఇండ్లకు పోవుచున్నది. ఇండ్లలో వాడబడి మురుగై మఱల నదికి వచ్చుచున్నది. నది ఎండిపోలేదు, నదిలోని నీరు మాఱిపోయినది. నగరము పెరిగినకొలది ఈ మురుగు పెరిగి, వానలు లేని కాలమున నదిలో ప్రవహించునది ముఖ్యముగా మురుగునీరే యైనది. దీనికి విశ్వేశ్వరయ్యగారిని నిందింపరాదు. కొన్ని లక్షలమందికై ఆలోచించిన యేర్పాటు కోటిమందికి చాలునా?

మురుగునీరు నదిని చంపు విధమును విద్యార్థులు చక్కగా గ్రహింపవలయును. నీటిలో కంటికి కానరాని ప్రాణవాయువు కరగియుండును. చేపలు దానిని మొప్పలతో పీల్చుకొని బ్రదుకును. లీటరు నీటిలో అయిదు మిల్లీగ్రాముల ప్రాణవాయువున్న చాలవఱకు చేపలకు సుఖము. మురుగులోని కుళ్లుపదార్థమును తినుటకు సూక్ష్మజీవులు కోట్లకొలదిగా పెరిగి, ఆ ప్రాణవాయువును తామే వాడుకొనును. అది హరించిన పిమ్మట ప్రాణవాయువు నపేక్షింపని మఱియొక జాతి సూక్ష్మజీవులు పని నారంభించును. మనకు ముక్కు మూసుకొనవలసివచ్చు దుర్గంధము వానివలన పుట్టునదియే. సబ్బుపొడుల వలన నురుగు లేచును. మురుగులోని ఎరువుసారము తిని గుఱ్ఱపుడెక్క నీటిని కప్పివేయును. వెలుగు లోనికి పోదు. కావున మొదట మురుగును పట్టి, శుద్ధిశాలలలో మడ్డిని దించి, గాలినూది, ఆ సూక్ష్మజీవుల చేతనే పని చేయించి, తేరిన నీటిని నదిలోనికి విడువవలయును. ఈ పని భూమిలోపలి గొట్టములతో జరుగునది. దీనికి ప్రారంభోత్సవపు రిబ్బను కట్టుటకు చోటుండదు. పూలతోటకు చోటుండును. అందుచేతనే లోకమున పలుచోట్ల తోట ముందును గొట్టము వెనుకను వచ్చుచున్నవి. ఇది మా సొంత మాట. తప్పైన పెద్దలు క్షమింతురుగాక.

ఇక ఒడ్డు మాట. నదికి రెండువైపుల నిలువుగా సిమెంటుగోడ కట్టిన వరద పోవునని సామాన్యుల నమ్మకము. నునుపైన కాలువలో నీరు వేగముగా పోవునది నిజమే. ఆ వేగమంతయు దిగువ పేటవారి నెత్తిన పడును. పైగా గోడకును నీటికిని నడుమ చెట్టు లేదు, కప్పకు చోటు లేదు, నేలలోనికి నీ రింకు దారి లేదు. మేము తరగతిలో రెండు రేకుపళ్లెములలో మన్ను పోసి, ఒకదానిలో గరిక పెంచి, రెండవదానిని వట్టిగా నుంచి, రెండింటిని ఏటవాలుగా నిలిపి చెంబుతో నీరు పోసి చూపితిమి. వట్టి పళ్లెమునుండి బురదనీరు జరజర దిగెను. గరిక పళ్లెమునుండి ఆలస్యముగా, ఇంచుమించు తేటగా, బొట్లుబొట్లుగా వచ్చెను. దీనికి తలిదండ్రు లింటియొద్దనే పరీక్ష చేయవచ్చును. రేకుపళ్లెము, గుప్పెడు గరిక, నాలుగు వారముల ఓర్పు చాలును.

ఈ పళ్లెపు పాఠమును పెద్దదిగా చేసి చూపినవారు సింగపూరువారు. అచ్చట కలాంగు నదిని వెనుకటి తరమువారు తిన్నని సిమెంటు కాలువగా మార్చియుండిరి. బిషాన్ అను పేటలోని ఉద్యానము ప్రక్కగా పోవు 2.7 కిలోమీటర్ల కాలువను వారు పగులగొట్టి, 2012 నాటికి మెలికలు తిరుగుచు పోవు మూడు కిలోమీటర్లకు పైబడిన ఏరుగా మార్చిరి. వానలు లేనినాడు నీరు నడుమనున్న చిన్నపాయలో పోవును. పిల్లలు రాళ్లమీద దాటుదురు. వాన వచ్చిననాడు పచ్చికబయలంతయు నదియగును. ఇరువదిగజముల వెడల్పున్న కాలువకు బదులు ఇంచుమించు నూఱుగజముల వెడల్పున నీరు నెమ్మదిగా వ్యాపించును. నీరు లేచునపుడు జనులు పైకి పోవుటకు గంటలును దీపములును హెచ్చరించును. ఏ మొక్క యే యొడ్డును పట్టుకొనునో ముందు చిన్నముక్కపై పరీక్షించి చూచిన తరువాతనే వారు తక్కినదానికి పూనుకొనిరి. పగులగొట్టిన సిమెంటు పెళ్లలను పారవేయక వానితోనే చిన్నగుట్ట యొకటి కట్టిరి. ఇందు నేర్వవలసినది, నదికి వరదనాడు కావలసిన చోటు నదికే విడిచి, తక్కిన దినములలో దానిని మనము వాడుకొనుట.

మూసీకి ఇట్టి ఒడ్డు కావలెనన్న ఏమి నాటవలయును? విదేశపు ఈతచెట్లును కత్తిరించిన కంచెమొక్కలును అక్కఱలేదు. నీటియంచున తుంగ, జమ్ము, రెల్లు. దానిపై మెట్టున ఎఱ్ఱమద్ది, కానుగ, నేరేడు. ఎగువ గట్టున రావి, మఱ్ఱి, చింత. ఎఱ్ఱమద్ది వేరు ఏటియొడ్డును పట్టుకొన్నట్లు మఱి యేదియు పట్టుకొనదని పల్లెవారందఱికి తెలియును. జమ్ము వేళ్లచుట్టు చేరు సూక్ష్మజీవులు నీటిలోని మాలిన్యమును కొంత హరించును. అయితే జమ్ము శుద్ధిశాల చేయవలసిన పనినంతయు చేయునని తలంచుట, పంతులు చేయవలసిన పని నల్లబల్ల చేయునని తలంచుట వంటిది.

2024వ సంవత్సరము అక్టోబరులో తెలంగాణ మంత్రులు కొందఱు కొరియా దేశపు రాజధాని సియోల్ నగరమునకు పోయి అచ్చటి చంగ్యేచన్ ఏటిని చూచి వచ్చిరి. ఆ యేటి చరిత్రమును మనము కొంచెము నిదానముగా చూడవలయును. ఆరువందల యేండ్లకు పైగా ఆ నగరము నడుమ అది పాఱుచుండెను. 1950-53 నాటి యుద్ధమునకు పిమ్మట నిలువనీడ లేనివారు దాని యొడ్డున గుడిసెలు వేసికొనిరి, ఏరు మురుగైనది. 1958 మొదలు దానిమీద సిమెంటు మూత వేసి, మూతమీద బాట, బాటమీద ఎత్తైన మఱియొక బాట కట్టిరి. ఒక తరము బాలురు తమ కాళ్లక్రింద ఏరున్నదని తెలియకయే పెరిగిరి. 2003 జులైలో ఆ బాటలను కూల్చుట మొదలిడి, 2005 అక్టోబరు 1వ తేదీన ఇంచుమించు 5.8 కిలోమీటర్ల ఏటిని మఱల వెలుగులోనికి తెచ్చిరి. బండ్లన్నియు నిలిచిపోవునని భయపడినవారి భయము నిజము కాలేదు. ప్రక్కవీథులకంటె ఏటివెంట ఎండకాలమున వేడిమి మూడు మొదలు ఆఱు డిగ్రీల వఱకు తగ్గినది. నాలుగు జాతుల చేపలుండుచోట ఇరువదియైదు జాతులు కనబడినవి.

ఇంతవఱకు మెచ్చుకొనదగినదే. కాని ఆ యేటి నీరు ఎచ్చటిది? కొండలనుండి వచ్చునది చాలదు గనుక దినమునకు ఇంచుమించు 1,20,000 టన్నుల నీటిని, అధికభాగము హాన్ నదినుండి, యంత్రములతో తోడి పోయుచున్నారు. యంత్రము నిలిచిన ఏరు నిలుచును. అందుచే దానిని ఏరనరాదు, పొడవైన నీటితొట్టి యనవలెనని అచ్చటివారే కొందఱు విమర్శించిరి. మా విద్యార్థి యొకడు ఇది విని, "అట్లయిన అది కుళాయి కాలువ" యనెను. మేము నవ్వితిమి గాని వాని మాట త్రోసివేయదగినది కాదు. మూసీ వానలతో పొంగు నది. నగరములోనే దాని పొడవు సుమారు 55 కిలోమీటర్లు. ఐదుమైళ్లయినను లేని యేటికి చేసినది దీనికి చేయబూనుట, బాలుని చొక్కా కొలతతో తండ్రికి కోటు కుట్టించుట యగును. శుద్ధిచేసిన నీరును, ఎగువ చెఱువులనుండి కొలతప్రకారము విడుచు నీరును నదికి ఆధారము కావలెను. ఆ చెఱువుల చుట్టు పది కిలోమీటర్లలో కట్టడముల నదుపుచేయుటకు 1996లో 111వ నెంబరు ఉత్తరువు చేయబడెను. 2022లో ఆ నిర్బంధము సడలింపబడెను. తలయొద్ద కట్టడములు పెరుగుచుండగా కాళ్లయొద్ద తోట వేసిన ఫలమేమి?

సియోల్‌లో ప్రాచీన కట్టడముల విషయమున జరిగినదియు పాఠమే. గ్వాంగ్‌టొంగ్ అను రాతివంతెన 1410లో రాణి యొకర్తె సమాధిరాళ్లతో కట్టబడినది. మూతక్రింద నది దాని నిన్నాళ్లు దాచియుంచెను. ఏటిని తెఱచినపుడు బండ్ల రాకపోకల కడ్డమని దానిని స్వస్థానమున నిలుపక కొంత ఎగువకు జరిపి కట్టిరి. చూచువానికి అందముగనే యుండును. కాని వంతెన యనునది రెండు వీథులను కలుపుటకు పుట్టినది, వీథులు లేనిచోట అది బొమ్మ. దీనికంటె మాకు నచ్చిన దింకొకటి కలదు. కూల్చిన పైబాట స్తంభములలో మూడింటిని ఏటినడుమ అట్లే విడిచిరి. అవి అందముగా లేవు. తాము చేసిన పొరపాటును తామే నిలిపియుంచుకొనుట మంచి చరిత్రపాఠము.

మన పురానాపూల్‌పై చిరకాలము కూరగాయలమ్మువారు గంపలతో కూర్చుండుచు వచ్చిరి. వారిని లేపి వంతెనకు రంగుదీపములు కట్టుట జీర్ణోద్ధారణము కాదు. రాతిసందులలో మొలచిన రావిమొక్కలను వేరుతో తీసి, సిమెంటు పూయక సున్నముతోనే సందులు నింపి, కమానుల క్రింద పేరుకొన్న చెత్తను తొలగించిన యెడల అది ఇంక నెన్నియో యేండ్లు నిలుచును. సున్నము గాలిపీల్చును, రాతితోకూడ సాగును ముడుచును. సిమెంటు బిగిసికొని తేమను లోపల బంధించి రాతినే పెచ్చులూడ్చును. పాతకట్టడములను పాడుచేసినవి వరదలకంటె తెలియనివారి మరమ్మతులే యెక్కువ.

ఇప్పుడా తండ్రి ప్రశ్నకు వత్తము. చంగ్యేచన్ గట్టుననున్న చిల్లరవర్తకులను మొదట ఒక పాత ఆటస్థలమునకు పంపిరి. కొన్నియేండ్లకు ఆ ఆటస్థలమునే కూల్చుటచే మఱల వేఱొకచోటికి లేపిరి. వారి వ్యాపారము రెండుమారులు మొదలుపెట్టవలసినదాయెను. మన గట్టుననున్న వారికి దూరపుపేటలలో ఇండ్లిచ్చెదమని ప్రభుత్వమువారు చెప్పుచున్నారు. ఇల్లు మంచిదే కావచ్చును. కాని కూలిపని మార్కెటుయొద్ద, తల్లి పాచిపని చేయు ఇండ్లు చాదర్‌ఘాట్‌లో, బాలుని బడి ఇచ్చట. బస్సుచార్జీకి కూలిలో నాలుగవవంతు పోయిన ఆ యింట నుండుట యెట్లు? అట్లని వరదదారిలోనే వారిని ఉంచుడనియు మేము చెప్పజాలము. పుస్తకములు తడిసినవని వచ్చిన బాలుడు మఱునాడు రాకపోవు దినము కూడ రావచ్చును. కావున నీటిదారిలో నున్న ఇండ్లను నడచిపోగలిగినంత దూరములోనే మఱల కట్టి, అవి పూర్తియైన పిమ్మటనే పాతవానిని తీయుట న్యాయము. ఎఱ్ఱగుర్తు గోడమీద ముందు వేసి, ఇల్లు తరువాత చూపుట న్యాయము కాదు. వనమున మొక్కలు పెంచుటకు, మెట్లు కడుగుటకు, నారు పోయుటకు వేలమంది కావలెను. ఆ పని మొదట ఆ గట్టువారికే యిచ్చిన యెడల వారే వనమునకు కాపరులగుదురు.

మేమీ మాటలు ఆ తండ్రికి చెప్పితిమి. ఆయన విని, "మంచిగ చెప్పిండ్రు సారూ, కాగితం మీద ఎవరు రాస్తరు?" అనెను. అందుకు మేము చేయగలిగినది కొంచెమే. పై తరగతుల విద్యార్థులు పురానాపూల్ మొదలు గట్టువెంట నడచుచు, నీరు ఏ యింటి యే మెట్టువఱకు వచ్చెనో ముసలివారి నడిగి, కొలబద్దతో కొలిచి, పటము వ్రాయుచున్నారు. పాతమెట్లు, బావులు, పెద్దచెట్లు, చాకిరేవులు కూడ అందు గుర్తింపబడుచున్నవి. ఎవ్వరి యిల్లు ఎవ్వరి పనికి ఎంతదూరమో ఒక వరుస కలదు. దానిని నింపుటకు ఆ బాలుని తండ్రియే ఇంటింటికి మా విద్యార్థులను వెంటబెట్టుకొని తిరుగుచున్నాడు. నయాపూల్ వఱకు పని పూర్తియైనది. చాదర్‌ఘాట్‌కు దిగువ భాగము ఇంకను మిగిలియున్నది. అటువైపు కాపురముండు తలిదండ్రులు శనివారము మధ్యాహ్నము బడికి వచ్చి తమ వీథిలో నీరు నిలిచిన ఎత్తును తెలుపగోరుచున్నాము.